భూగర్భ బొగ్గు గనుల్లో ఎర్త్ ఫాల్టు రక్షణ

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు, బొగ్గు గనిలో ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌ను నేరుగా కాకుండా ఒక నిరోధకం ద్వారా ఎందుకు ఎర్త్ చేస్తారో లెక్క వేసి చూపగలుగుతారు. ఎర్త్ లీకేజి రిలే, పైలట్ సర్క్యూట్ ఏ ప్రమాదాన్ని ఆపగలవో, దేనిని ఆపలేవో వివరించగలుగుతారు. ఓమ్ నియమం, మూడు ఫేజుల సరఫరా గురించి ఇంతకు ముందు భాగాల్లో చదివినది దీనికి సరిపోతుంది. కాగితం, కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకుని చదవండి. ఈ పాఠం లెక్కల్లోనే అర్థమవుతుంది.

9.1 పరిచయం

మీరు గార్ల, డోర్నకల్ పరిసరాల వారైతే బొగ్గు మీకు కొత్త కాదు. డోర్నకల్ జంక్షన్ దగ్గర ప్రధాన లైనులో కలిసే బొగ్గు బండ్లను చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉంటారు. 1871లో విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గును గుర్తించాడు. 1889లో అక్కడ తవ్వకం మొదలైంది. ఆ దాపునే ఉన్న సింగరేణి అనే ఊరి పేరు 1920లో ఏర్పడిన కంపెనీకి పేరైంది. 2016 అక్టోబరు దాకా గార్ల, ఇల్లందు రెండూ ఖమ్మం జిల్లాలోనే ఉండేవి. జిల్లాల విభజనలో గార్ల మహబూబాబాద్ వైపు, ఇల్లందు కొత్తగూడెం వైపు వెళ్లాయి. ఇటు భూపాలపల్లిలో కాకతీయ ఖని పేరుతో భూగర్భ గనులు ఉన్నాయి. మీ ఇంట్లోనో బంధువుల్లోనో బాయి పనికి పోయేవారు ఉండే ఉంటారు. ఈ పాఠంలో చెప్పే యంత్రాలను వారు రోజూ ముట్టుకుంటారు.

అయినా పాఠాన్ని బొగ్గుబాయిలో కాకుండా పొలం దగ్గర మొదలుపెడదాం. అక్కడ జరిగే పొరపాటు అర్థమైతే గనిలో చేసిన ఏర్పాటు ఎందుకో సులభంగా తెలుస్తుంది.

9.2 పొలం దగ్గరి స్టార్టర్ డబ్బా

వానాకాలంలో స్టార్టర్ డబ్బా ముట్టుకుని రైతు చనిపోయాడన్న వార్త మీరు చాలాసార్లు చదివి ఉంటారు. కొన్నిసార్లు ఆ డబ్బాకు ఎర్త్ వైరు కూడా ఉంటుంది. మరి ప్రాణం ఎలా పోయింది?

లెక్క చూద్దాం. ఊరి ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్ నేరుగా భూమికి కలిపి ఉంటుంది. ఫేజుకు, న్యూట్రల్‌కు మధ్య 240 వోల్టులు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి ఎర్త్ గుంత నిరోధం 5 ఓమ్‌లు, పొలం దగ్గర పాతిన ఇనుప కడ్డీ నిరోధం 20 ఓమ్‌లు అనుకుందాం. ఎర్రనేల ఎండిపోతే ఇది ఇంకా ఎక్కువే ఉంటుంది. ఫేజు వైరు ఇన్సులేషన్ చెడి డబ్బాకు తగిలింది. అప్పుడు ప్రవహించే విద్యుత్తు 240 ÷ 25 = 9.6 ఆంపియర్లు. ఇరవై ఆంపియర్ల ఫ్యూజు దీనికి కాలదు. మోటారు మామూలుగా తిరుగుతూనే ఉంటుంది. డబ్బా మీది వోల్టేజి మాత్రం 9.6 × 20 = 192 వోల్టులు.

ఎర్త్ వైరు ఉంది, కానీ మనిషికి రక్షణ లేదు. మనిషిని చంపేది డబ్బాకూ కాళ్ల కింది నేలకూ మధ్య ఏర్పడిన వోల్టేజి. ఆ వోల్టేజి రెండు రాశుల లబ్ధం: ఎర్త్ దారిలో పోయే విద్యుత్తు, ఆ దారి నిరోధం. ఈ రెండింటిలో ఏదో ఒకదాన్ని బాగా తగ్గించాలి, లేదా తక్షణం సరఫరా తెంచాలి. ఇళ్లలో పెట్టే 30 మిల్లీఆంపియర్ల లీకేజి బ్రేకరు చేసేది మూడో పని. గనిలో ఈ మూడు పనులూ కలిపి చేస్తారు. ఎందుకంటే అక్కడ ఏ ఒక్కదాన్నీ పూర్తిగా నమ్మలేం.

మనిషి శరీరం గురించి కొన్ని అంకెలు గుర్తుంచుకోండి. సుమారు 1 మిల్లీఆంపియరు దగ్గర చురుక్కుమంటుంది. పది దగ్గర చేతి కండరాలు బిగుసుకుని, పట్టుకున్నది వదలలేని స్థితి వస్తుంది. ముప్పై దాటి కొంతసేపు ప్రవహిస్తే గుండె లయ తప్పే ప్రమాదం మొదలవుతుంది. చెమట, తడి బూట్లు, నీళ్లలో నిలబడటం ఉన్నచోట శరీర నిరోధాన్ని 1000 ఓమ్‌లుగా తీసుకుంటాం. ఇది ఇంకా తగ్గవచ్చు కూడా.

9.3 గనిలో విద్యుత్తు ప్రయాణం

ఉపరితల సబ్‌స్టేషన్ నుంచి సాధారణంగా 3.3 కిలోవోల్టుల విద్యుత్తు కవచం ఉన్న కేబుల్ ద్వారా గనిలోకి దిగుతుంది. పని జరిగే చోటుకు కొంత దూరంలో మంటను బయటికి పోనివ్వని గట్టి పెట్టెలో ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. అది వోల్టేజిని 550కి దించుతుంది. అక్కడి నుంచి గేట్ ఎండ్ బాక్సుకు, ఆ పెట్టె నుంచి ఒక సాగే కేబుల్ ద్వారా బొగ్గు ఎత్తే యంత్రానికి సరఫరా అందుతుంది. ఆ యంత్రం ఎస్‌డీఎల్ అయితే ముందుకు వెనక్కు తిరుగుతూనే ఉంటుంది. దాని వెనుక కేబుల్ నేల మీద ఈడ్చుకుపోతుంది. దాని మీద బొగ్గు పెళ్లలు పడతాయి, నీళ్లు చేరతాయి, ఒక్కోసారి యంత్రమే దాని మీదికి ఎక్కుతుంది. ట్రెయిలింగ్ కేబుల్ అని పిలిచే ఈ తీగే మొత్తం వ్యవస్థలో అతి బలహీనమైన చోటు. ఎర్త్ ఫాల్టు వచ్చేది ఎక్కువగా ఇక్కడే.

ఈ కేబుల్‌లో సాధారణంగా ఐదు కోర్లు ఉంటాయి: మూడు ఫేజులు, ఒక ఎర్త్ కోర్, ఒక పైలట్ కోర్. పొలానికీ గనికీ ఉన్న మొదటి తేడా ఇక్కడే కనిపిస్తుంది. పొలంలో లీకైన విద్యుత్తు మట్టిలోంచి ట్రాన్స్‌ఫార్మర్‌కు తిరిగిపోవాలి. గనిలో దానికి లోహపు దారి ఉంది. యంత్రం బాడీ ఎర్త్ కోర్ ద్వారా గేట్ ఎండ్ బాక్సుకు, అక్కడి నుంచి కేబుల్ కవచం ద్వారా ట్రాన్స్‌ఫార్మర్‌కు, అలాగే పైదాకా కలిసి ఉంటుంది. ఇరవై ఓమ్‌ల స్థానంలో ఒక ఓమ్‌లో నాలుగో వంతు మాత్రమే ఉండే దారి అది. ఇంత మంచి దారి ఉంటే చాలదా అనిపిస్తుంది. చాలదు.

9.4 న్యూట్రల్‌ను ఏం చేయాలి?

మొదట, ఊరి ట్రాన్స్‌ఫార్మర్ లాగే నేరుగా ఎర్త్ చేశామనుకుందాం. 550 వోల్టుల లైనులో ఫేజుకు, న్యూట్రల్‌కు మధ్య 550 ÷ 1.73 = సుమారు 318 వోల్టులు. ట్రాన్స్‌ఫార్మర్ 0.05, ఫేజు కోర్ 0.20, ఎర్త్ దారి 0.25, మొత్తం 0.5 ఓమ్ అనుకోండి. యంత్రంలో ఫేజు బాడీకి తగిలితే 318 ÷ 0.5 = 636 ఆంపియర్లు ప్రవహిస్తాయి. సరఫరా తెగేలోపు బాడీ మీది వోల్టేజి 636 × 0.25 = 159. దారి నిరోధం ఎంత తక్కువైనా విద్యుత్తు అంతకంతా పెరిగింది కాబట్టి లబ్ధం పెద్దగా తగ్గలేదు. పొలంలో 192, ఇక్కడ 159. పైగా ఆరు వందల ఆంపియర్ల ఆర్క్ కేబుల్‌ను కాల్చేస్తుంది. బొగ్గు ధూళి, మీథేన్ ఉండే చోట ఇది ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర లేదు.

రెండో ఆలోచన దీనికి పూర్తిగా ఎదురు. న్యూట్రల్‌ను అసలు ఎర్త్ చేయకుండా వదిలేద్దాం. తిరిగి రావడానికి దారే లేకపోతే విద్యుత్తు ఎలా ప్రవహిస్తుంది? వినడానికి చాలా సబబుగా ఉండే ఈ వాదనను నమ్మి ఎన్నో గనులు, కర్మాగారాలు ఈ పద్ధతిలో నడిచాయి. ఒక ఫేజు భూమికి తగిలినా యంత్రం ఆగదు కాబట్టి ఉత్పత్తి చూసుకునేవారికి ఇది నచ్చుతుంది కూడా.

దారి లేదనుకోవడమే ఇందులోని తప్పు. ప్రతి కేబుల్ ఒక కెపాసిటర్. లోపలి రాగి ఒక పలక, బయటి కవచం మరో పలక, మధ్యలో ఇన్సులేషన్. ఆ సెక్షన్‌లోని 550 వోల్టుల కేబుళ్లన్నీ కలిపి 5 కిలోమీటర్లు, కిలోమీటరుకు ఒక్కో ఫేజుకు 0.3 మైక్రోఫారడ్ అనుకుందాం. మొత్తం ఫేజుకు 1.5 మైక్రోఫారడ్లు. ఒక ఫేజు భూమికి తగిలితే మిగతా రెండు ఫేజుల కెపాసిటెన్సు ద్వారా తిరిగే విద్యుత్తు 3 × 314 × 0.0000015 × 318 = సుమారు 0.45 ఆంపియరు. అంటే 450 మిల్లీఆంపియర్లు. ఇక్కడ 314 అనేది 50 హెర్ట్జ్ పౌనఃపున్యానికి వచ్చే కోణీయ పౌనఃపున్యం.

ఒక మనిషి ఒక్క ఫేజు తీగను మాత్రమే ముట్టుకున్నాడనుకోండి. కెపాసిటెన్సు వైపు ప్రతిరోధం సుమారు 708 ఓమ్‌లు, మనిషి 1000 ఓమ్‌లు. ఈ రెంటినీ వర్గాల మొత్తపు వర్గమూలంగా కలపాలి. ఫలితం సుమారు 1225 ఓమ్‌లు. అతని గుండా పోయేది 318 ÷ 1225 = 0.26 ఆంపియరు. ఎర్త్ చేయని వ్యవస్థలో 260 మిల్లీఆంపియర్లు! ప్రాణం పోవడానికి కావలసిన దానికి ఎన్నో రెట్లు ఎక్కువ.

ఇది కాక మరో చిక్కు ఉంది. మొదటి ఫాల్టు తెలియకుండా ఉండిపోతుంది. అది ఉన్నంతసేపూ మిగతా రెండు ఫేజులకూ భూమికీ మధ్య 318 కాదు, పూర్తి 550 వోల్టులు ఉంటాయి. పాతబడ్డ ఇన్సులేషన్ ఆ ఒత్తిడికి మరోచోట తెగుతుంది. ఇప్పుడు ఒక ఫాల్టు పంపు దగ్గర, ఇంకొకటి ఎస్‌డీఎల్ దగ్గర, రెండూ వేర్వేరు ఫేజుల మీద. మధ్యలో ఉన్న ఎర్త్ దారిలో వందల ఆంపియర్లు పరుగెడతాయి. ఏ యంత్రం బాడీ మీద ఎంత వోల్టేజి వస్తుందో ముందుగా చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఈ రెండింటికీ మధ్యేమార్గం న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య ఒక నిరోధకం పెట్టడం. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010 భద్రతా నిబంధనలు గనుల్లో 250 నుంచి 1100 వోల్టుల మధ్య పనిచేసే వ్యవస్థల్లో ఎర్త్ ఫాల్టు విద్యుత్తు 750 మిల్లీఆంపియర్లు మించకూడదని, 1100 వోల్టులు దాటి 11 కిలోవోల్టుల దాకా 50 ఆంపియర్లు మించకూడదని చెప్పాయి. ఈ నిబంధనల స్థానంలో 2023లో కొత్తవి వచ్చాయి. ఈ భాగంలోని లెక్కలకు మాత్రం 750 మిల్లీఆంపియర్ల అంకెనే తీసుకుందాం. 550 వోల్టులకు కావలసిన నిరోధకం 318 ÷ 0.75 = 424 ఓమ్‌లు.

ఇప్పుడు అదే ఫాల్టును మళ్లీ చూడండి. ఫేజు బాడీకి తగిలింది. విద్యుత్తు 0.75 ఆంపియరు. బాడీ మీది వోల్టేజి 0.75 × 0.25 = 0.19. ఒక వోల్టు కూడా కాదు! ఎర్త్ కోర్ జాయింటు వదులై దారి నిరోధం 4 ఓమ్‌లకు పెరిగినా 3 వోల్టులే. యంత్రం మీద చెయ్యి వేసుకుని నిలబడిన మనిషికి ఏమీ తెలియదు. ఎర్త్ ఫాల్టు అంటే పెద్ద విద్యుత్తును భూమిలోకి పంపించేయడం అని చాలామంది విద్యార్థులు అనుకుంటారు. గనిలో చేసేది దానికి పూర్తిగా భిన్నం.

నిరోధకాన్ని ఇష్టం వచ్చినంత పెద్దది చేయవచ్చా? చేయకూడదు. నిరోధకం ద్వారా పోయే విద్యుత్తు కేబుళ్ల కెపాసిటెన్సు విద్యుత్తు కంటే ఎక్కువగా ఉండాలి. లేకపోతే ఎర్త్ చేయని వ్యవస్థలోని లక్షణాలే, ముఖ్యంగా ఆర్క్ ఆరి మళ్లీ అంటుకునేటప్పుడు వచ్చే వోల్టేజి పెరుగుదల, తిరిగి వస్తాయి. మన ఉదాహరణలో 750, 450 కంటే ఎక్కువే కాబట్టి సరిపోయింది. 3.3 కిలోవోల్టుల దగ్గర అదే 5 కిలోమీటర్ల కేబుల్‌కు కెపాసిటెన్సు విద్యుత్తు సుమారు 2.7 ఆంపియర్లు. అక్కడ ముప్పావు ఆంపియరు పరిమితి ఎందుకు పనికిరాదో ఇప్పుడు మీరే చెప్పగలరు. అమెరికాలో 1969 బొగ్గు గనుల చట్టం తరువాత వచ్చిన నిబంధనలు తక్కువ, మధ్యస్థ వోల్టేజిలకు 25 ఆంపియర్ల దాకా అనుమతించాయి. ఒకే సూత్రాన్ని రెండు దేశాలు వేర్వేరు చోట్ల గీత గీసి అమలు చేశాయి.

మీ ప్రగతిని సరిచూసుకోండి: 1100 వోల్టుల వ్యవస్థలో ఫాల్టు విద్యుత్తు 750 మిల్లీఆంపియర్లు మించకుండా ఉండాలంటే నిరోధకం విలువ ఎంత ఉండాలి? ఎర్త్ దారి 2 ఓమ్‌లైతే బాడీ మీది వోల్టేజి ఎంత? లెక్క వేసి ఈ భాగం చివర చూడండి.

9.5 మీథేన్, ఆర్క్, కేబుల్ తొడుగు

గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే పేలుతుంది. దాన్ని అంటించడానికి సుమారు 0.3 మిల్లీజౌలు శక్తి చాలు. 1913 అక్టోబరు 14న వేల్స్‌లోని సెంఘెనిడ్ గనిలో జరిగిన పేలుడులో 439 మంది కార్మికులు, రక్షణకు దిగిన ఒకరు చనిపోయారు. ఆ గనిలో వాడిన విద్యుత్ సంకేత గంటల తీగల నుంచి వచ్చిన నిప్పురవ్వ కారణం కావచ్చని అనుమానించారు. బ్యాటరీతో నడిచే గంట! చిన్న రవ్వ కూడా ప్రమాదమేనన్న ఎరుక నుంచే, వాయువును అంటించలేనంత తక్కువ శక్తితో పనిచేసే సర్క్యూట్ల రూపకల్పన మొదలైంది.

మోటార్లు, స్విచ్‌లు గట్టి పెట్టెల్లో ఉంటాయి. లోపల పేలినా మంట బయటికి రాదు. కేబుల్‌కు మాత్రం ఆ పెట్టె లేదు. అందుకే ట్రెయిలింగ్ కేబుల్‌లో ప్రతి ఫేజు కోర్ చుట్టూ విడిగా ఒక లోహపు తొడుగు పెట్టి దాన్ని ఎర్త్‌కు కలుపుతారు. ఈ ఏర్పాటులోని తెలివి ఒక్క క్షణం ఆగి ఆలోచించదగినది. కేబుల్ మీద బండ పడి నలిగింది. మేకులాంటి రాతి ముక్క లోపలికి దిగుతోంది. ఒక ఫేజు రాగి మరో ఫేజు రాగిని చేరాలంటే ముందు తన చుట్టూ ఉన్న ఎర్త్ తొడుగును తాకక తప్పదు. అంటే వేల ఆంపియర్ల షార్ట్ సర్క్యూట్ కావలసిన ప్రతి దెబ్బా ముందుగా ఎర్త్ ఫాల్టుగా మారుతుంది. ఆ ఎర్త్ ఫాల్టును నిరోధకం ముప్పావు ఆంపియరుకు కట్టేసి ఉంచింది. రిలే దాన్ని చూసి సరఫరా తెంచుతుంది. తొడుగు, నిరోధకం, రిలే అని పుస్తకాల్లో వేర్వేరు పేరాల్లో చదువుకునే ఈ మూడూ కలిసి ఒకే ఆలోచన.

ఫాల్టు దగ్గర పుట్టగల గరిష్ఠ వేడిని పోల్చి చూడండి. నేరుగా ఎర్త్ చేసిన వ్యవస్థలో అది 318 × 318 ÷ (4 × 0.5), అంటే సుమారు 50 కిలోవాట్లు. నిరోధకం ఉన్నప్పుడు 318 × 318 ÷ (4 × 424), సుమారు 60 వాట్లు. అయితే పొరపడకండి. అరవై వాట్ల రవ్వ కూడా మిల్లీసెకనులో 60 మిల్లీజౌళ్లు ఇస్తుంది. మీథేన్‌కు అది చాలా ఎక్కువ. నిరోధకం పేలుడును అసాధ్యం చేయదు. ఆ పని గాలి ప్రసరణది. అందుకే గాలిలో మండే వాయువు 1.25 శాతం దాటితే ఆ ప్రాంతానికి విద్యుత్తు ఆపేయాలన్న నియమం విడిగా ఉంది.

9.6 ఎర్త్ లీకేజి రిలే

ఎస్‌డీఎల్‌లోని 55 కిలోవాట్ల మోటారు సుమారు 75 ఆంపియర్లు తీసుకుంటుంది. ఫాల్టు విద్యుత్తు ముప్పావు ఆంపియరు, అందులో నూరో వంతు. ఫ్యూజుకు, ఓవర్‌లోడు రిలేకు ఇది కనిపించదు. మరి కనిపెట్టేదెలా?

బాయిలోకి దిగే ప్రతి కార్మికుడూ ల్యాంపు రూములో టోకెను ఇచ్చి దీపం తీసుకుంటాడు. షిఫ్టు అయ్యాక లెక్క సరిపోకపోతే ఎవరో ఒకరు లోపలే ఉండిపోయారని అర్థం. కోర్ బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫార్మర్ చేసేది అదే లెక్క. మూడు ఫేజు కోర్లూ ఒకే ఇనుప చక్రం మధ్య నుంచి పోతాయి. ఒక ఫేజులో వెళ్లినది మిగతా వాటిలో తిరిగి వస్తే మొత్తం సున్నా. చక్రంలో అయస్కాంత అభివాహం ఉండదు. కొంత ఎర్త్ దారిన వెళ్లిపోతే ఆ తేడా అంతే చక్రంలో అభివాహం కలిగించి, ద్వితీయ చుట్టలో వోల్టేజి పుట్టించి, రిలేను పనిచేయిస్తుంది. ఇక్కడ ఒక పనితనపు జాగ్రత్త ఉంది: ఎర్త్ కోర్ ఆ చక్రం మధ్య నుంచి పోకూడదు. పోతే ఎర్త్ దారిన తిరిగి వచ్చినదీ లెక్కలో కలిసిపోయి మొత్తం మళ్లీ సున్నా అవుతుంది. రిలే బాగానే ఉంటుంది, ఫాల్టు మాత్రం ఎప్పటికీ కనిపించదు.

రిలేను 100 మిల్లీఆంపియర్లకు అమర్చామనుకోండి. గరిష్ఠ ఫాల్టు 750 కదా, అన్ని ఫాల్టులూ దొరుకుతాయా? దొరకవు. మోటారు వైండింగులో ఫాల్టు న్యూట్రల్ కొసకు దగ్గరగా వస్తే దాన్ని నడిపే వోల్టేజి కూడా తక్కువే. పదో వంతు దూరంలో వస్తే 31.8 ÷ 424 = 75 మిల్లీఆంపియర్లు. రిలే కదలదు. 100 ÷ 750 అంటే సుమారు 13 శాతం వైండింగు రక్షణ బయట ఉండిపోతుంది. సెట్టింగును తగ్గిస్తే ఈ గుడ్డిచోటు తగ్గుతుంది.

తగ్గిస్తే మరొక గొడవ మొదలవుతుంది. నా ఉద్దేశంలో ఈ భాగంలో మీరు అన్నిటికంటే బాగా అర్థం చేసుకోవలసిన సంగతి ఇదే. ఒక సెక్షన్‌కు 1.5 కిలోమీటర్ల కేబుల్ ఉంది. అక్కడ ఏ లోపమూ లేదు. పక్క సెక్షన్‌లో ఎర్త్ ఫాల్టు వచ్చింది. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉన్నందున ఈ సెక్షన్ కేబుళ్ల కెపాసిటెన్సు కూడా ఆ ఫాల్టుకు తన వంతు విద్యుత్తును పంపుతుంది. కిలోమీటరుకు 90 మిల్లీఆంపియర్ల చొప్పున అది 135. వంద దగ్గర పెట్టిన రిలే ట్రిప్ అవుతుంది. ఏ తప్పూ లేని సెక్షన్ చీకటైపోతుంది. పంపులు ఆగుతాయి, యంత్రాలు ఆగుతాయి. ఎలక్ట్రీషియన్ వచ్చి కేబుల్ అంతా వెతికితే ఏమీ దొరకదు. వారంలో నాలుగుసార్లు ఇలా జరిగితే ఆ రిలే మీద ఎవరికీ నమ్మకం ఉండదు. షిఫ్టు టన్నుల లెక్క చూసే మనిషి నోట వచ్చే మాట ఒక్కటే: “దాన్ని తీసి పక్కన పెట్టు.” రిలేకు ఒక తీగ ముక్కతో బైపాస్ వేసేది ఎక్కువగా చెడ్డ ఉద్దేశంతో కాదు, విసుగుతో.

కాబట్టి విసుగు పుట్టకుండా చేయడం కూడా డిజైన్ చేసేవారి పనే. వంద మీటర్ల ట్రెయిలింగ్ కేబుల్‌కు కెపాసిటెన్సు విద్యుత్తు 9 మిల్లీఆంపియర్లే కాబట్టి గేట్ ఎండ్ బాక్సులోని రిలేను సున్నితంగా, ఆలస్యం లేకుండా అమర్చవచ్చు. సెక్షన్ మొత్తాన్ని కాపాడే స్విచ్‌కు మాత్రం సెట్టింగు ఆ సెక్షన్ కేబుల్ పొడవును లెక్కించి పెట్టాలి, కొద్ది ఆలస్యం ఇవ్వాలి, లేదా ఫాల్టు ఏ వైపు ఉందో గుర్తించే రిలే వాడాలి. కేబుల్ పొడిగించిన ప్రతిసారీ ఈ లెక్క మళ్లీ వేయాలి. గని రోజూ ముందుకు సాగుతుంది కాబట్టి ఈ లెక్క ఎప్పటికీ పూర్తి కాదు.

రిలే ట్రిప్ అయిన తరువాత కేబుల్ బాగుందో లేదో చూడకుండా మళ్లీ స్విచ్ వేయడం ఇంకో ప్రమాదం. అందుకే సరఫరా ఇచ్చే ముందే చిన్న వోల్టేజితో ఇన్సులేషన్‌ను పరీక్షించి, అది తక్కువగా ఉంటే కాంటాక్టరును మూసుకోనివ్వని లాకౌట్ ఏర్పాటు గేట్ ఎండ్ బాక్సులో ఉంటుంది.

9.7 ఎర్త్ కోర్ తెగితే?

ఇంతదాకా వేసిన లెక్కలన్నీ ఎర్త్ కోర్ బాగుందన్న నమ్మకం మీద నిలబడ్డాయి. అది తెగితే మోటారు ఆగదు, శబ్దం మారదు. ఏమీ తెలియదు. ఫేజు కోర్ తెగితే యంత్రమే చెబుతుంది, ఎర్త్ కోర్ తెగితే చెప్పేవారు లేరు. పైలట్ కోర్ ఉన్నది అందుకే. గేట్ ఎండ్ బాక్సు నుంచి పైలట్ కోర్ ద్వారా అతి తక్కువ శక్తి గల విద్యుత్తు యంత్రం దాకా పోయి, అక్కడ ఒక డయోడు దాటి, ఎర్త్ కోర్ ద్వారా తిరిగి వస్తుంది. ఈ వలయం పూర్తిగా ఉంటేనే కాంటాక్టరు మూసి ఉంటుంది. ఎర్త్ కోర్ తెగితే వలయం తెగి సరఫరా ఆగిపోతుంది. డయోడు ఎందుకంటారా? కేబుల్ నలిగి పైలట్, ఎర్త్ కోర్లు మధ్యలోనే కలిసిపోతే వలయం పూర్తయినట్లే కనిపిస్తుంది కదా. డయోడు ఉంటే విద్యుత్తు ఒకే దిశలో ప్రవహించాలి. రెండు దిశల్లోనూ ప్రవహిస్తే అది షార్ట్ అని బాక్సు గుర్తిస్తుంది.

న్యూట్రల్ నిరోధకానికి కూడా ఇలాంటి కాపలా కావాలి. అది కాలి తెగిపోతే వ్యవస్థ ఎర్త్ చేయనిదై, రిలేలు గుడ్డివవుతాయి. దాని చివరలు ఎక్కడో కలిసిపోతే నేరుగా ఎర్త్ చేసినట్లవుతుంది. రెండు సందర్భాల్లోనూ మామూలు రోజున పని ఏమీ తేడా లేకుండా సాగుతుంది.

9.8 అభ్యాసం, జవాబులు

9.4లోని ప్రశ్నకు జవాబు: ఫేజు వోల్టేజి సుమారు 635, నిరోధకం సుమారు 847 ఓమ్‌లు, బాడీ మీది వోల్టేజి 1.5.

ఇప్పుడు కింది సందర్భాన్ని మీరే సాధించండి. ఒక షిఫ్టులో ఎస్‌డీఎల్ మూడుసార్లు ట్రిప్ అయింది. పని ఆగకూడదని గేట్ ఎండ్ బాక్సులో ఎర్త్ లీకేజి రిలేకు, పైలట్ సర్క్యూట్‌కు రెండింటికీ బైపాస్ వేశారు. ట్రిప్ కావడానికి అసలు కారణం యంత్రం దగ్గర ఎర్త్ కోర్ నలిగి, వదులై ఉండటం. కాసేపటికి అది పూర్తిగా తెగింది. తరువాత మోటారు టెర్మినల్ దగ్గర ఒక ఫేజు బాడీకి తగిలింది. రబ్బరు చక్రాల మీద ఉన్న ఆ యంత్రం పక్కన నీళ్లలో నిలబడిన ఆపరేటరు లీవరు పట్టుకుని ఉన్నాడు. నిరోధకం 424 ఓమ్‌లు, శరీరం 1000 ఓమ్‌లు. కేబుల్ కెపాసిటెన్సును లెక్కలోకి తీసుకోవద్దు. సెక్షన్ స్విచ్‌లోని రిలేను 300 మిల్లీఆంపియర్ల దగ్గర పెట్టారు. అతని గుండా ఎంత విద్యుత్తు పోతుంది? ఏ రిలే పనిచేస్తుంది?

జవాబు: 318 ÷ 1424 = 0.223, అంటే 223 మిల్లీఆంపియర్లు. సెక్షన్ రిలే కదలదు. బైపాస్ వేసిన రిలే వంద దగ్గర అమర్చి ఉన్నది. అదొక్కటే పనిచేసి ఉండేది.